ట్రస్టు వాళ్లిచ్చే ఇన్సులిన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక దగ్గర. మా పాప ఏడో తరగతి. నిరుడు దసరా సెలవుల్లో బాగా చిక్కిపోయింది. మాటిమాటికీ నీళ్లు తాగేది. ఒకరోజు వాంతులై స్పృహ తప్పింది. కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి)కి తీసుకెళ్తే టైప్ 1 షుగర్ అన్నారు. అప్పట్నుంచి రోజూ ఇన్సులిన్ చేస్తున్నాం. ఇన్సులిన్ ఆసుపత్రిలో ఇస్తున్నారు గాని ఇంట్లో షుగర్ చూసుకునే స్ట్రిప్పులు మేమే కొనుక్కోవాలి. యాభై స్ట్రిప్పుల డబ్బా వెయ్యి రూపాయల దాకా పడుతోంది. మా ఆయన కాంట్రాక్టు లేబర్. ఆసుపత్రికి వెళ్లిన రోజు ఆయన కూలి పోతుంది. ఈమధ్య మా కాలనీలో షుగర్ క్యాంపు పెట్టిన ఒక ట్రస్టు వాళ్లకి పాప సంగతి తెలిసింది. నెలనెలా ఇన్సులిన్, స్ట్రిప్పులు ఇస్తామని, రెండో శనివారం మీటింగుకి రమ్మని చెప్పారు. మా ఆయన "మనం అడుక్కునేవాళ్లమా" అని కోప్పడ్డారు. ఆ తర్వాత ఇంకో సంస్థ పేరుతో ఒకాయన వచ్చాడు. మూడు వేలు విరాళం కడితే ఆర్నెల్లు చూర్ణం ఇస్తారట, ఇన్సులిన్ మానేయొచ్చట. మా అత్తగారికి కూడా షుగరే, మాత్రలు వాడతారు. ఆవిడ చూర్ణమే వాడదామంటున్నారు. ఆడపిల్ల కాబట్టి బయటికి పొక్కకూడదని స్కూల్లో కూడా చెప్పలేదు. అసలు ఈ సంస్థలు ఏం చేస్తాయి? ఎవర్ని నమ్మాలి?
— ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, ముందు చూర్ణం సంగతి తేల్చేద్దాం. మిగతావి నిదానంగా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఆగదు. పాపకి ఇన్సులిన్ ఒక్క రోజు కూడా ఆపకండి. ఆ మనిషి మళ్లీ వస్తే గుమ్మంలోంచే పంపించేయండి.

అత్తగారు చూర్ణం వైపు మొగ్గడంలో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. తనకున్నదీ షుగరే, మనవరాలికున్నదీ షుగరే, మాత్రలతో తనకి నడుస్తోంది కదా అని ఆవిడ అనుకుంటారు. కానీ పేరు ఒకటే గాని జబ్బులు వేరు. అత్తగారి ఒంట్లో ఇన్సులిన్ తయారవుతోంది, అది సరిగ్గా పనిచేయడం లేదు, లేదా చాలడం లేదు. పాపకి ఇన్సులిన్ తయారుచేసే కణాలే దెబ్బతిన్నాయి. బయటి నుంచి ఇవ్వకపోతే రక్తంలో చక్కెర ఎంతున్నా ఒంటికి అందదు. అప్పుడు ఒళ్లు కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది, దానితో రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుపోతాయి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసపడుతున్నట్టు లోతైన ఊపిరి, నోట్లోంచి మగ్గిన పండు వాసన వస్తాయి. నిరుడు దసరాకి మీరు చూసింది దాదాపు అదే. ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లో, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల్లోనే, మళ్లీ ఆ స్థితి వస్తుంది. పాప ప్రాణానికే ముప్పు. ఇంకో సంగతి కూడా అత్తగారికి చెప్పండి. షుగర్ నయం చేస్తామని మందుకి ప్రచారం చేసుకోవడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరం. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో అలాంటి జబ్బుల జాబితా ఉంది, అందులో షుగర్ కూడా ఉంది. సంస్థ అనో ఆశ్రమం అనో పేరు పెట్టుకున్నంత మాత్రాన అది సేవ అయిపోదు.

ఇక మీ ఆయన మాట. ఆయన కోపం నాకు అర్థమవుతోంది. కష్టపడి బతికేవాళ్లకి చెయ్యి చాచడమంటే ప్రాణం పోయినట్టుంటుంది. ఆయనకి ఈ సంగతి చెప్పి చూడండి. 1921లో కెనడాలోని టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టారు. 1922 జనవరిలో మొట్టమొదట అందుకున్న రోగి లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడు. దాదాపు మీ పాప ఈడువాడే. అంతకుముందు ఈ జబ్బొచ్చిన పిల్లలు ఎండిపోయి చనిపోవడమే. అంతటి మందు కనిపెట్టినవాళ్లు పేటెంటు దాచుకుని కోట్లు సంపాదించుకోలేదు. ఒక్కొక్కరు ఒక్క డాలరు తీసుకుని టొరంటో యూనివర్సిటీకి ఇచ్చేశారు. ఆ తర్వాత నాలుగైదేళ్లకే, 1926లో, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఎర్నెస్తో రోమా అనే డాక్టరు, కొనుక్కోలేని పేద రోగులకి ఇన్సులిన్ అందించడానికి ఒక సంఘం పెట్టారు. ప్రపంచంలో షుగర్ రోగుల సంఘాలు మొదలైంది అక్కడే. 1934లో ఇంగ్లండులో తనకే షుగర్ ఉన్న లారెన్స్ అనే డాక్టరు, అదే జబ్బున్న ఒక రచయితతో కలిసి ఇంకో సంఘం పెట్టారు. ఈ సంస్థలు పుట్టింది జాలిపడి కాదు. జబ్బున్నవాళ్లూ, వాళ్ల కష్టం దగ్గర్నుంచి చూసిన డాక్టర్లూ కలిసి, ఒకరికొకరు ఆసరాగా నిలబడడానికి పెట్టుకున్నవి. ఆ వరసలో నిలబడితే మీ ఆయన గౌరవానికి వచ్చే లోటేమీ లేదు. రేపు మీ పాప పెద్దదై ఇంకో పాపకి సూది వేయడం నేర్పుతుంది. మంచి సంస్థల్లో ఇది రోజూ జరిగేదే.

మీరు సంస్థలు అసలు ఏం చేస్తాయని అడిగారు. నా ఉద్దేశంలో వాటి విలువ ఉచిత ఇన్సులిన్‌లో కన్నా, రెండు ఓపీల మధ్య గడిచే రోజుల్లో మీ వెంట ఉండడంలోనే ఎక్కువ. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది అని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో లెక్క చెప్పింది. షుగర్ వచ్చే దారిలో ఉన్నవాళ్లు ఇంకో 13.6 కోట్లు. అంత రద్దీలో కేజీహెచ్ డాక్టరు మీ పాపకి ఎంతసేపు కేటాయించగలరు? డోసు రాస్తారు, పరీక్షలు రాస్తారు, పంపిస్తారు. అది వాళ్ల తప్పు కాదు. కానీ ఆ చీటీ పట్టుకుని ఇంటికొచ్చాక మొదలయ్యే సందేహాలకి జవాబు చెప్పేవాళ్లు కావాలి.

ఒక్క సూది సంగతే చూడండి. మన దగ్గర ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువగా వచ్చేది మిల్లీలీటరుకి 40 యూనిట్ల రకం. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జీలు, కొన్ని సీసాలు 100 యూనిట్ల రకం. ఆ సీసాలకి నారింజ మూత సిరంజి. సీసా ఒకటి, సిరంజి ఇంకొకటి అయిందనుకోండి. 100 రకం మందుని ఎర్ర మూత సిరంజిలో పది గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది పది యూనిట్లు కాదు, ఇరవై అయిదు. షుగర్ మరీ దిగిపోయి పాప పడిపోతుంది. అదే తిరగేసి జరిగితే, పది అనుకున్నది నాలుగే అవుతుంది, షుగర్ ఎంతకీ దిగదు. ఇంట్లోవాళ్లేమో పిల్ల దొంగచాటుగా స్వీట్లు తింటోందని తిడతారు. మంచి సంస్థలో నేర్పే మనిషి, చాలాసార్లు తన బిడ్డకీ ఇదే జబ్బున్న తల్లి, మీ సీసా, మీ సిరంజి తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూస్తుంది. మిమ్మల్నే లాగమంటుంది. గాలి బుడగ ఎక్కడుందో చూపిస్తుంది. తెల్లగా ఉండే ఇన్సులిన్ అయితే సీసాని కుదపకుండా రెండు అరచేతుల మధ్య దొర్లించమంటుంది. పాప తొడ మీద వేళ్లతో తడిమి, ఒకే చోట పొడిచి పొడిచి గట్టిపడిన గడ్డ ఉంటే పట్టుకుంటుంది. ఆ గడ్డలోకి ఇచ్చిన ఇన్సులిన్ ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా ఒంటికి పడుతుంది. అందుకే చోటు మారుస్తూ ఉండాలి. ఇవన్నీ ఒక్క కూర్చోవడంలో వచ్చేవి కావు. ఎవరో ఒకరు నెల నెలా చూస్తూ ఉండాలి. మీరు ఆ మీటింగుకి వెళ్లాల్సింది ముఖ్యంగా ఇందుకు.

ఇన్సులిన్ దాచడం కూడా అంతే. వాడని సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, పైన మంచు గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు, పారేయాల్సిందే. మన ఊరికి తుఫాన్లు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక ఎన్ని రోజులు కరెంటు లేకుండా ఉన్నామో మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు ఫ్రిజ్ ఆగిపోయిందని సీసాలు పారేసుకునేవాళ్లుంటారు, చెడిపోయిందేమోనని భయపడి డోసు మానేసేవాళ్లూ ఉంటారు. రెండోది మరీ ప్రమాదం. ఎమ్మెస్సెఫ్ అనే అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ కెన్యాలోని దగహలే శరణార్థి శిబిరంలో ఇదే ఇబ్బంది చూసింది. జెనీవా యూనివర్సిటీతో కలిసి పరీక్షలు చేయించింది. పగలూ రాత్రీ 25 నుంచి 37 డిగ్రీల మధ్య మారే వేడిలో కూడా నాలుగు వారాల దాకా ఇన్సులిన్ బలం తగ్గలేదని 2021లో ప్రకటించింది. ఫ్రిజ్ ఉంటే ఫ్రిజ్‌లోనే పెట్టండి. కరెంటు పోతే మాత్రం కంగారుపడకండి. సీసాని తడవకుండా చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని మట్టికుండలో ఉంచి, కుండ చుట్టూ తడిబట్ట కట్టి నీడన పెడితే చాలు. సేవా సంస్థలు ఇలాంటి పని కూడా చేస్తాయి. ఏ కంపెనీకీ లాభం లేని ప్రశ్న అడిగి, బీదవాడికి పనికొచ్చే జవాబు తెచ్చిపెడతాయి.

మన ఊళ్లో ఎవరున్నారంటారా. మీ ఆధారం కేజీహెచ్, దాన్ని వదలొద్దు. ఆ ఫైలు, ఆ చీటీలు భద్రంగా ఉంచుకోండి. అక్కడి ఎండోక్రైనాలజీ (షుగర్, హార్మోన్ల జబ్బులు చూసే విభాగం) ఓపీలో ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "పిల్లలకి స్ట్రిప్పులు, మీటర్లు ఇచ్చే కార్యక్రమం ఏదైనా మీ ద్వారా నడుస్తోందా?" లైఫ్ ఫర్ ఎ చైల్డ్ అని 2000లో మొదలైన అంతర్జాతీయ కార్యక్రమం ఒకటుంది. టైప్ 1 ఉన్న పేద పిల్లలకి ఇన్సులిన్, స్ట్రిప్పులు అందిస్తుంది, మన దేశంలోనూ పనిచేస్తుంది. నాగపూర్‌లో డ్రీమ్ ట్రస్టు, కోయంబత్తూరులో ఇదయంగళ్ ట్రస్టు ఏళ్ల తరబడి ఇలాంటి పిల్లల్ని చూస్తున్నాయి. ఇలాంటి సాయం ఎక్కువగా పిల్లల్ని చూసే డాక్టర్ల ద్వారానే వస్తుంది, బజార్లో బోర్డు పెట్టుకుని కనబడదు. అందుకే అడగాలి.

కళ్లకైతే మనవాళ్లు అదృష్టవంతులనే చెప్పాలి. హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. శంకర్ ఫౌండేషన్ కంటి ఆసుపత్రి ఉంది. రెండూ లాభాపేక్ష లేనివే, స్తోమత లేనివారికి డబ్బు తీసుకోకుండా చూస్తాయి. పాపకి జబ్బు వచ్చి ఏడాదే కాబట్టి రెటీనా (కంటి వెనక తెర) పరీక్ష ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెబుతారు. కానీ అత్తగారి సంగతి అలా కాదు. పెద్దవాళ్లకొచ్చే షుగర్ బయటపడే నాటికే లోపల ఏళ్లు గడిచి ఉండొచ్చు. కంటిలో చుక్కలేసి చేసే పరీక్ష ఆవిడకి ఏడాదికోసారి జరగాలి. చూపు బాగానే ఉందని ఆగొద్దు, రెటీనా దెబ్బతినడం మొదట్లో తెలియనే తెలియదు. అలాగే ఆవిడ పాదాలు కూడా చూపించండి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసే అలవాటుంటే మరీ ముఖ్యం. 32 కిలోమీటర్లు వట్టి కాళ్లతో నడిస్తే, షుగర్ వల్ల స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ లేచినా, గాజుపెంకు దిగినా తెలియదు. దేవుడి మీద భక్తి వేరు, పుండు ముదిరి వేలు తీసేయాల్సిన పరిస్థితి వేరు. పరీక్ష చేయించాకే నడకో, దర్శనమో తేల్చుకోమనండి.

ఇప్పుడు ఆ క్యాంపు ట్రస్టుని ఎలా నమ్మాలన్నది. క్యాంపుల మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వేలికి సూది గుచ్చి, నంబరు చెప్పి, అరటిపండు చేతిలో పెట్టి ఫోటో తీసుకుని వెళ్లిపోయే క్యాంపు వల్ల మేలు చాలా తక్కువ. నంబరు ఎక్కువొచ్చిన మనిషి తర్వాత ఎక్కడికెళ్లాలో చెప్పని క్యాంపు సగం పనే. మీవాళ్లు రెండో శనివారం మీటింగుకి రమ్మన్నారు కాబట్టి అంతకంటే మెరుగ్గానే కనిపిస్తున్నారు. వెళ్లండి. వెళ్లి మొహమాటపడకుండా కొన్ని అడగండి. సంస్థ రిజిస్ట్రేషన్ ఏది, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే కేంద్ర ప్రభుత్వ దర్పణ్ పోర్టల్లో నంబరు ఉందా? డాక్టరెవరు, ఏ ఆసుపత్రిలో చూస్తారు? మంచివాళ్లు ఈ ప్రశ్నలకి నొచ్చుకోరు, కాగితం తీసి చూపిస్తారు.

నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే ప్రశ్న ఇంకొకటుంది: "మీకు వచ్చే విరాళాలు ఆగిపోతే మా పాప ఇన్సులిన్ సంగతేంటి?" పాపకి ఇన్సులిన్ జీవితాంతం కావాలి. సంస్థకి డబ్బేమో ఏడాది ఏడాదికీ మంజూరవుతుంది. ఈ తేడా తెలిసిన సంస్థ మీతో "కేజీహెచ్ సరఫరా వదులుకోకండి, మేం లోటు మాత్రమే పూడుస్తాం" అంటుంది. మొత్తం మేమే చూసుకుంటాం, ప్రభుత్వాసుపత్రికి వెళ్లొద్దు అనేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి. ఇన్సులిన్ ప్రభుత్వం నుంచి తీసుకోండి, అది మీ హక్కు. ట్రస్టు నుంచి స్ట్రిప్పులు, శిక్షణ, తోడు తీసుకోండి. ఎప్పుడైనా ఆసుపత్రిలో స్టాకు లేనప్పుడు ట్రస్టు సీసా అక్కరకొస్తుంది. కానీ వాళ్లిచ్చింది వేరే రకమైతే మీ డాక్టరుకి చూపించకుండా మార్చకండి. విరాళంగా వచ్చే మందులు ఏ కంపెనీ ఇస్తే ఆ కంపెనీవే ఉంటాయి. గడువు తేదీ చూసి, రెండు నెలలకి సరిపడా తేదీ ఉన్నదే తీసుకోండి.

ఫోటోల దగ్గర కూడా గట్టిగా ఉండండి. పాప చేతిలో సీసా పెట్టి, బ్యానర్ ముందు నిలబెట్టి ఫేస్‌బుక్‌లో పెట్టడానికి మీరు ఒప్పుకోనక్కర్లేదు. సాయానికీ ఫోటోకీ ముడిపెట్టే సంస్థ అయితే ఆ సాయం వదులుకున్నా పర్వాలేదు. ఏదైనా కాగితం మీద సంతకం పెట్టమంటే ఇంటికి తెచ్చి చదివించుకుని పెట్టండి.

స్కూలు సంగతి చివర్లో రాశారు గాని, నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. ఇన్సులిన్ వేసుకునే పిల్లకి క్లాసులో షుగర్ పడిపోవచ్చు. వణుకు, చెమటలు, తిక్కగా మాట్లాడడం, ఒక్కోసారి ఉన్నచోటే పడిపోవడం జరుగుతాయి. టీచరుకి తెలియకపోతే అల్లరనుకుంటారు, లేదా టిఫిన్ తినలేదనుకుంటారు. తెలిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ షుగర్ చూస్తారు. స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏదీ పోయకూడదు, ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ నాలుగు మాటలు తెలియకపోవడం వల్ల పాపకి వచ్చే ప్రమాదం, నలుగురికీ తెలియడం వల్ల వచ్చే మాట కన్నా ఎంతో పెద్దది. టైప్ 1 ఉన్న పిల్లలకి క్లాసులో షుగర్ చూసుకోవడానికి, సూది వేసుకోవడానికి, చిరుతిండి తినడానికి అడ్డుచెప్పొద్దని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో రాష్ట్రాలకి లేఖ రాసింది. మీరు ఒంటరిగా హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లడానికి జంకుతుంటే, ట్రస్టు మనిషిని వెంట రమ్మనండి. టీచర్లకి అరగంట చెప్పి రమ్మని అడగండి. వాళ్లు ఆ పనికి సరే అంటారా, అనరా అన్నదాన్ని బట్టే వాళ్లెలాంటివాళ్లో మీకు తెలిసిపోతుంది.

పెళ్లి గురించి మీరు సూటిగా రాయలేదు, బయటికి పొక్కకూడదన్న మాటలో అది ఉందని అనుకుంటున్నాను. టైప్ 1 ఉన్న ఆడపిల్లలు చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కంటున్నారు. షుగర్ అదుపులో ఉండాలి, డాక్టరు మాట వినాలి, అంతే. ఆ మీటింగుల్లో అలాంటి అమ్మాయిలు కనిపిస్తే మీ పాపని వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. మీరూ నేనూ ఎంత చెప్పినా ఎక్కని ధైర్యం వాళ్లతో అరగంట మాట్లాడితే వస్తుంది.

రెండో శనివారం మీరు ఒక్కరే వెళ్లొద్దు. మీ ఆయనకి కూలి పోయినా సరే, మొదటిసారి ఆయన్ని తీసుకెళ్లండి. అడుక్కోవడానికి కాదు, సూది వేయడం నేర్చుకోవడానికని చెప్పండి. ఇంట్లో ఆ పని ఇప్పుడు మీ ఒక్కరికే వచ్చని మీ ఉత్తరం చూస్తే అనిపించింది. మీకు జ్వరం వచ్చిన రోజు పాపకి ఎవరు వేస్తారు? ఆయన నేర్చుకున్నాక, ఆ తర్వాతి మీటింగులకి తండ్రీకూతుళ్లు ఇద్దరే వెళ్లి రావచ్చు. ఆ పూట మీరు ఇంట్లో పడుకుని కాస్త నిద్రపోండి.